చాలు అంటే ఆపమనా, నడపమనా

కారు ఇంజన్‌లో క్యామ్‌షాఫ్టులు మార్చడమంటే ఇడ్లీ పాత్రలో రేకులు మార్చినంత తేలిక కాదు. మా చిన్న కారుకు అవి రెండున్నాయి. ఆ రెంటినీ ఈ చేతులతోనే మార్చాను. అదీ తెలంగాణ బంద్ రోజున, షట్టర్ దించిన షెడ్డులో, టార్చి వెలుతురులో. మాదాపూర్‌లో మా వీధివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళెవరైనా కొత్తగా అద్దెకు దిగితే నేనే వెళ్ళి చెప్పి వస్తాను.

కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి కొంచెం తడబడుతోంది. నిజానికి మార్చింది మెకానిక్కు. నేను సాయపడ్డాను. సాయమంటే ఏపాటి సాయమో మొదటినుంచీ చెబుతాను, మీరే చూసుకోండి.

నేను కడప జిల్లాలో హైస్కూలు సైన్సు మాస్టారుగా రిటైరయ్యాను. ఇంజన్ బొమ్మను నల్లబల్ల మీద ముప్పై ఏళ్ళు గీశాను. సుద్దముక్కతో నేను తెరిచినన్ని వాల్వులు ఏ మెకానిక్కూ తెరిచి ఉండడు. ఉద్యమం ఊపుమీదున్న ఆ రోజుల్లో నేనూ మా ఆవిడా మాదాపూర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. వచ్చింది మా ఆవిడ కళ్ళ కోసం. కళ్ళ ముందుండే పారదర్శకమైన పొర రెండువైపులా తెల్లగా మసకబారిపోయింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడికంటికి వెలుగు, నీడ మాత్రం తెలిసేవి. ఎవరైనా చనిపోయినవారు కళ్ళు దానం చేస్తే ఆ పొర తెచ్చి అతుకుతామన్నారు డాక్టర్లు. జాబితాలో పేరు రాసుకున్నారు. ఫోన్ చేస్తాం, చెప్పిన వేళకు రావాలి, రాకపోతే తరువాతివాళ్ళకు పోతుంది అని గట్టిగా చెప్పారు. అప్పటినుంచి మూడు నెలలపాటు ఆవిడ ఫోనును ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. వంటింట్లోకి వెళ్ళినా కొంగులో కట్టుకునే వెళ్ళేది.

రోజు విడిచి రోజు బందులు. బస్సులు ఎప్పుడుంటాయో, ఆటోలు ఎప్పుడాగుతాయో తెలియదు. అందుకే మా అమ్మాయి ఆఫీసు పనిమీద బెంగళూరు వెళుతూ కారు నాకు అప్పజెప్పింది. "నాన్నా, ముందు ఇంజన్ ఆయిల్ మార్పించు" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తలూపాను. నూనె సంగతి నాకు చెప్పేంతదా అనుకున్నాను. పది రోజులకు ఇంజన్ లోపల ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు టకటకమని మొదలైంది. వయసు మీదపడిన గొంతులే అని తేల్చేశాను. మర్నాడు ఆ కుట్టుమిషన్ రోకలిగా మారింది.

మా వీధి చివర ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని మెకానిక్కుది బోరబండ. నలభై దాటిన మనిషి. సగం రోజు ఉద్యమం టెంటులో, సగం రోజు షెడ్డులో ఉండేవాడు. కారు తీసుకెళ్ళిన మొదటి రోజే అతనికీ నాకూ ఒక మాట దగ్గర తగాదా వచ్చింది. నేను డ్రైవరు సీట్లో ఉన్నాను, అతను బానెట్ లేపి చెవి వంచాడు.

"చాలు జెయ్యుండ్రి సార్."

అప్పుడే అయిపోయిందా అని నేను కారు దిగాను.

"అరె, దిగుతరేంది? చాలు జెయ్యమంటే!"

"చాలంటేనే గదప్పా దిగినాను."

అతను బానెట్ పట్టుకుని నవ్వాడు. "చాలు అంటే స్టార్ట్ సార్! మా దిక్కు బండి చాలు జేస్తం. మీ దిక్కు బండి చాలిస్తరా ఏంది?"

ముప్పై ఏళ్ళు పిల్లల చేత తప్పులు దిద్దించినవాణ్ణి. తెలుగుమాటకు తెలుగుదేశంలోనే అర్థం తెలియక నవ్వులపాలు కావడం నాకు నచ్చలేదు. ఆ రోజునుంచి ఆ మాటను వల్లెవేశాను. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో మోటరు చాలు జెయ్యమన్నాను, ఇంట్లో ఫ్యాను చాలు జెయ్యమన్నాను. ఇక నన్నెవరూ పట్టుకోలేరనుకున్నాను.

సరే, మెకానిక్కు ఇంజన్ మీది మూత విప్పి లోపలికి చూశాడు. "ఆయిల్ ఎప్పుడు మార్పిచ్చిండ్రు?"

"ఈ మధ్యనే."

"ఏ మధ్యన?"

"మార్పించలేదు నాయనా" అంది నాతోపాటు వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చున్న మా ఆవిడ.

క్యామ్‌షాఫ్టులంటే ఇంజన్ నెత్తిన పక్కపక్కనే పడుకుని తిరిగే రెండు ఇనుప కడ్డీలు. వాటి మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఆ ఉబ్బులే ఒక్కొక్క వాల్వునూ నొక్కి తెరుస్తాయి. నూనె అందక మా కారు కోడిగుడ్లు అరిగి చదునైపోయాయి. అతను ఒకదాని మీద నా వేలు పట్టి రుద్దించాడు. గోరు గీరుకుపోయింది. రెండూ మార్చాల్సిందే అన్నాడు. కొత్తవి రావడానికి మూడు రోజులు పట్టింది. వచ్చిన సాయంత్రం పాతవి ఊడదీసి, మిగతా పని పొద్దున్నే చేస్తానని ఇంటికి వెళ్ళాడు.

పొద్దున్నే బంద్ అన్నారు. తొమ్మిదింటికి ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేశారు.

కన్ను వచ్చింది, మధ్యాహ్నం మూడింటిలోపల రండి, ఏమీ తినిపించకండి అన్నారు. మా ఆవిడ ఫోను పెట్టేసి, "యాడ ఉంది కారు?" అంది. తల తీసేసిన ఇంజన్‌తో వీధి చివర ఉంది. ఆటోలు లేవు. ఆసుపత్రి ఊరికి అవతలి వైపు. ఆవిడ తుంటి విరిగి కుదిరిన మనిషి, మోటరుసైకిలు వెనక కూర్చోలేదు. పక్కింటివాళ్ళకు కారుంది. అద్దాలు పగులుతాయని భయం, కాదన్నారు. వాళ్ళనేమీ అనలేను.

మెకానిక్కుకు ఫోన్ చేశాను. టెంటులో ఉన్నాడు. వెనక నినాదాలు వినపడుతున్నాయి. "సార్, ఇయ్యాల షట్టర్ లేపను. మా బంద్‌ల నేనే దుకాణం దెరిస్తే ఎట్లుంటది?" అన్నాడు. మా ఆవిడ ఫోను లాక్కుని, "నాయనా, కన్ను వచ్చిందంట" అంది. అంతే. అతను టెంటులోంచి బయటికి నడిచాడు కాబోలు, నినాదాలు దూరమయ్యాయి. తరువాత అతని గొంతు. "లోపలికెళ్ళి షట్టర్ దించుకుని జేస్తనమ్మా. బంద్ దుకాణానికి గానీ కంటికి గాదు."

ఆవిడను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళాను. లోపల చీకటి, కరెంటు కూడా లేదు. అతను టార్చి నాకిచ్చి, పని మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పాడు. "ఈ కడ్డీలను తిప్పే గొలుసు బిగిసేదాంక ఎవ్వలు తాళం జోలికి పోవద్దు. పిస్టన్ పైకొచ్చి వాల్వులను గుద్దుతది. అన్ని వంగుతయ్. ఇగ ఇయ్యాల గాదు, ఈ వారంల గూడ కాదు."

నాకు తెలియనిదా! ఎందుకు గుద్దుతుందో, ఏ స్ట్రోకులో గుద్దుతుందో అతనికి వివరించడం మొదలుపెట్టాను. పాఠం చెప్పేటప్పుడు నా చెయ్యి గాలిలో బొమ్మలు గీస్తుంది. ఆ చేతిలోనే టార్చి ఉంది.

"సార్, లైటు ఇంజన్ మీద కొట్టుండ్రి, రేకుల మీద గాదు. జర నోరు గూడ బంద్ వెట్టుండ్రి, ఇయ్యాల అన్నీ బందే."

నన్ను తీసుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. టార్చి మా ఆవిడ చేతికి వెళ్ళింది.

"నాకు కనపడదే నాయనా."

"నాకు కనవడాలె గానీ నీకెందుకమ్మా. గిట్ల వట్టుకో, కదలకు."

ఆవిడ కదలలేదు. బానెట్ లేచి ఉంది కనక వాళ్ళిద్దరూ నాకు కనపడరు. మాటలు వినపడతాయి, బానెట్ అంచున వెలుగు కనపడుతుంది. ఆ వెలుగు గోడకు కొట్టిన మేకులా నిలబడింది. తరువాత అతను చెప్పిందాన్నిబట్టి, కడ్డీలకు నూనె పూసి కూర్చోబెట్టాడు. వాటిని నొక్కిపట్టే చిన్న మూతలకు అంకెలుంటాయి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టాలి. మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, కొంచెం కొంచెం బిగించాలి. తొందరపడి ఒకటి పూర్తిగా బిగిస్తే కడ్డీ విరుగుతుంది. అతను తొందరపడలేదు. నా గడియారం మాత్రం తొందరపడుతోంది. పదకొండు దాటింది.

ఇక గొలుసు. గొలుసులో రంగు వేసిన లంకెలు, పళ్ళచక్రం మీది చుక్కలు ఎదురెదురుగా రావాలి.

"అమ్మా, లైటు జర ఇటు. ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు, చాలు!"

నేను తాళం తిప్పాను.

కటక్ మంది. "ఓ సార్!" అన్న కేక షట్టర్‌కు తగిలి తిరిగొచ్చింది. ఇంజన్ అర చుట్టు తిరిగి ఉంటుంది. రెప్పపాటులో తాళం వదిలేశాను. నేను కాబట్టి వదిలాను. వేరేవాళ్ళయితే పూర్తిగా తిప్పేసేవారు.

మెకానిక్కు నడిచి వచ్చి కిటికీలోంచి చూశాడు. "ఏం జేస్తున్నరు?"

"చాలన్నావు."

"అమ్మతోని అన్న సార్! లైటు చాలన్న!"

"చాలంటే స్టార్టని నువ్వే గదప్పా నేర్పితివి."

"తెలుగు పంతులా మీరు?"

"సైన్సు."

"గందుకే" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత రెంచీ చప్పుడు ఆగి ఆగి వినపడుతోంది. నాకు వీపంతా చెమట. వాల్వులు వంగాయా అని అడగడానికి నోరు రాలేదు. మూడు నెలలు ఒళ్ళో ఫోను పెట్టుకున్న మనిషి. ఎవరో తెలియని వాళ్ళు పోతూ పోతూ ఇచ్చిన కన్ను. అంతా ఒక్క మాట దగ్గర జారిపోయిందనుకున్నాను. ఆవిడ ఒక్క మాటైనా అంటే బాగుండేది. అనలేదు. వెలుగు మేకులా అలాగే ఉంది.

చివరికి అతను కింద పెద్ద స్పానరు పెట్టి చేత్తోనే ఇంజన్‌ను నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడా తగలలేదు. చుక్కలు మళ్ళీ చుక్కల దగ్గరికే వచ్చాయి. మూత బిగించాడు. కొత్త ఆయిల్ పోశాడు. "ఇగ కానియ్యుండ్రి" అన్నాడు. నేను కదలలేదు.

"ఏ మాట అది? సరిగా చెప్పు."

"స్టార్ట్! ఇంగ్లిష్ల జెప్తున్న సార్, స్టార్ట్!"

తిప్పాను. మొదట కొంచెం టకటకమంది. నూనె పైకి ఎక్కింది కాబోలు, తరువాత చప్పుడు లేదు. ఇంజన్ నడుస్తోందో లేదో తెలియక నేను స్టీరింగు మీద అరచెయ్యి పెట్టి చూశాను. సన్నగా అదురుతోంది. ఏడ్చానని చెప్పను. కళ్ళద్దాలు మాత్రం తుడుచుకోవలసి వచ్చింది.

మెకానిక్కు తడి సున్నంతో అద్దం మీద జై తెలంగాణ అని రాసి, తానే నడుపుతానని నన్ను పక్క సీట్లోకి జరిపాడు. "ఆడ మీరు నోరు తెరవకుండ్రి సార్, మీ 'గదప్పా' బయటవడ్తది" అన్నాడు. దారిలో ఒకచోట రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నారు. కారు ఆపారు. అక్కడ నేను దిగి, అచ్చమైన తెలంగాణ మాటలో గొప్ప ప్రసంగం చేశానని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. చెయ్యలేదు. మెకానిక్కు, "దవాఖాన, అమ్మకు కన్ను" అన్నాడు. ఒకామె వంగి మా ఆవిడ ముఖం చూసి, "జరుగుండ్రి, పోనియ్యుండ్రి" అని అందరినీ పక్కకు తప్పించింది. పోతూపోతూ ఒక విస్తరాకులో వేడి కిచిడి అందించింది. మా ఆవిడ తినకూడదు. మెకానిక్కు నడుపుతున్నాడు. సాయపడ్డానన్నాను కదా, ఆ కిచిడి విషయంలో పూర్తిగా సాయపడ్డాను.

రెండుంపావుకు ఆసుపత్రి గేటు దాటాం. నర్సు చేతికి ఆవిడ చెయ్యి అందించాను. మెట్ల మీద కూర్చున్నాను. మెకానిక్కు కూడా కూర్చున్నాడు.  అంత హాయిగా నేనెప్పుడూ మౌనంగా కూర్చోలేదు.

మర్నాడు కట్టు విప్పారు. ఆవిడ రెప్పలు కొట్టుకుంటూ నా ముఖానికి దగ్గరగా వచ్చి చూసింది. ఇంకా మసకే, అయినా చూసింది. "ముసలోడివైపోయినావే" అంది. ఆ మాటకు అంత సంతోషించిన మగవాడు ఇంకొకడు ఉండడు.

ఇప్పుడు ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పేపరు చదువుతుంది. నా రాత కూడా చదువుతుంది, అదొక్కటే ఇబ్బంది. ఇక్కడిదాకా రాసి, ఇందులో ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు చూసుకో అని కాగితాలు ఇచ్చాను. చదివి, నేను తాళం వదిలేసిన చోట వేలు పెట్టింది.

"అర చుట్టూ లేదు, పావు చుట్టూ లేదు. ఆ కటక్కు ఉత్త తాళానిది. ఇంజన్‌కు కరెంటు యాడిది? నీ చేతిలో తాళంచెవి గలగలమంటాంటే ఇని, ముందు ఆ బ్యాటరీ తీగ పీకు నాయనా అని ఆ మెకానిక్కు చెవిలో నేనే చెప్పినా. అప్పుడే పీకేసినాడు, పని అయినాక మళ్ళా తగిలించినాడు. నువ్వు దేన్నీ ఆపలేదు. ఊరికే కూచోని చెమటలు పోసుకుంటివి, అంతే."