బరువు మాస్టారు, పక్క వెల్డింగ్ షాపు

ఎదురుపడిన మనిషిని పలకరించేలోపే ఎత్తి చూడటం బరువు మాస్టారికి ఉన్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు. మిగతా విషయాల్లో ఆయన పద్ధతైన మనిషి. సిగరెట్టు ముట్టరు, గొంతు పెంచరు, ఎవరింటికి వెళ్ళినా చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. కానీ మీరు నమస్కారం పెట్టిన చేతులు దించేలోపు మీ కాళ్ళు నేల మీద ఉండవు. మిమ్మల్ని గాల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏదో పెద్ద సంగతి తేల్చుకుంటున్నట్టు కాసేపు ఊరుకుని, "డెబ్బై ఒకటిన్నర," అంటారు. దించుతారు. అప్పుడు అడుగుతారు, "బాగున్నారా?" అని.

ఈ అవస్థలన్నీ దగ్గరుండి చూసింది టైలరమ్మ. ఆయన ఆడపిల్లలకు కుస్తీ నేర్పే హాలూ, ఆమె కుట్టు దుకాణమూ ఒకే మేడ కింద పక్కపక్కనే ఉంటాయి. మిషను ముందు కూర్చుంటే హాలు గుమ్మం కనపడుతుంది. ఆ గుమ్మంలో ఎంతమంది పెద్దమనుషులు నేల విడిచారో ఆమెకు తెలుసు.

ఒకసారి మేడ ఓనరు, గోడలకు మేకులు కొడుతున్నారని తేల్చుకోవడానికి ఆవేశంగా వచ్చాడు.

"మాస్టారూ, ఈ గోడలేమన్నా..." అన్నంతవరకే నేల మీద ఉన్నాడు. మిగతాదంతా గాల్లోనే.

"ముందు కింద పెట్టండి. తర్వాత మాట్లాడుకుందాం."

"మీరు మాట్లాడుతూ ఉండండి సార్. మాట్లాడితేనే బరువు కదులుతుంది. అమ్మాయిలూ, ఇలా రండి. కోపం వచ్చిన మనిషి బరువంతా ఛాతీలోకి ఎక్కుతుంది, చూశారా? అప్పుడు నడుం కింద పట్టు దొరకాలి."

అమ్మాయిలు ఓనరు చుట్టూ తిరిగి శ్రద్ధగా చూశారు. ఒకమ్మాయి, "ఇంకాస్త కోప్పడండి సార్," అని మర్యాదగా అడిగింది. దిగాక ఓనరుకి మేకుల సంగతి గుర్తు రాలేదు. చొక్కా సర్దుకుని, "ఎంతున్నాను?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

బీపీ చూపించుకోవడానికి వెళ్ళి డాక్టరుగారిని ఎత్తారు. "పోయినసారికీ ఇప్పటికీ బాగా తగ్గారండీ. ఎవరికైనా చూపించుకోండి," అని సలహా ఇచ్చి, తన మందుల చీటీ అక్కడే మరిచిపోయి వచ్చారు. ఒక పెళ్ళి విందులో వరసలో నిలబడి వేదిక ఎక్కి, అందరూ చూస్తుండగా పెళ్ళికొడుకుని ఎత్తి, పెళ్ళికూతురి తండ్రితో, "గట్టి సంబంధమే," అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళు మాస్టారి భార్య ఆయనతో కలిసి బయటికి రావడం మానేసింది.

ఇంత అవస్థ ఎందుకూ, హాల్లో నాలుగు ఇనప బరువులు పడేసుకోవచ్చు కదా అని వీధిలో అందరూ అడిగినవాళ్ళే. ఇనుము పేరెత్తితే మాస్టారి మొహం మాడిపోయేది.

"ఇనుము బుద్ధిమంతురాలండీ. పెట్టినచోట పడుంటుంది. కుస్తీలో ఎదుటి మనిషి అలా ఉంటుందా? జారుతుంది, గింజుకుంటుంది, గొణుగుతుంది. కదిలే బరువు మొయ్యాలి, మాట్లాడే బరువు మొయ్యాలి. ఇనుమంటే నాకు పడదు."

"మరి తెల్లారేసరికి ఆ ఠంగు ఠంగుమనే చప్పుడేంటి మాస్టారూ?" అని టైలరమ్మ ఒకసారి అడిగింది.

"పక్క వెల్డింగ్ షాపు."

అది ఎటుపక్కో ఆమెకు అంతుపట్టలేదు. దుకాణానికి ఇటుపక్క హాలు, అటుపక్క మందుల షాపు. గట్టిగా అడిగితే, "వెనకపక్కన," అనేవారు మాస్టారు, ఎటో చూస్తూ. సెలవు రోజుల్లో కూడా ఆ చప్పుడు ఆగేది కాదు. ఎవరో గానీ పాపం, ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడని జాలిపడి, నిప్పురవ్వలు ఒంటి మీద పడకుండా మందపాటి కాన్వాసు గుడ్డతో పెద్ద ఏప్రన్ ఒకటి కుట్టి, వెల్డింగ్ అతనికి ఇమ్మని మాస్టారి చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని కుట్లన్నీ తడిమి చూశారు. "ఇచ్చేస్తాను," అన్నారు చివరికి. ఎవరికిచ్చారో చెప్పలేదు.

ఇప్పుడు టైలరమ్మ సంగతి. ఆమె కాపురం అదే మేడలో మూడో అంతస్తులో, ఒంటరిగా. లిఫ్టు లేదు. ఒక వానాకాలం తడి మెట్ల మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ కాలు మునుపటిలా కాలేదు. నేల మీద కర్ర పట్టుకుని నడవొచ్చు, మెట్ల సంగతి మాత్రం మరిచిపొమ్మన్నారు డాక్టరుగారు. మెట్లు మరిచిపోవడమంటే దుకాణం మరిచిపోవడమే. చేతినిండా పని ఉన్న మనిషి కిటికీ దగ్గర కూర్చుని కింద తన దుకాణం రేకు తలుపు మీద చేరుతున్న దుమ్ము చూస్తూ ఉండిపోయింది. తమ్ముడు ఫోన్ చేసి, "వచ్చెయ్ అక్కా, వెనక గది ఖాళీగానే ఉంది," అన్నాడు. ఆ గది ఆమెకు తెలుసు. పనికిరాని సామాన్లు అందులోనే పెడతారు.

అప్పుడు మాస్టారు పైకొచ్చి, మా అమ్మాయిలు రోజూ మిమ్మల్ని దించి ఎక్కిస్తారండీ అన్నారు.

"నేనెవరికీ బరువు కాను మాస్టారూ," అంది టైలరమ్మ. "బుద్ధెరిగాక ఎవరిమీదా ఆధారపడలేదు. దుకాణానికి శాశ్వతంగా తాళం వేస్తాను గానీ, జాలిపడి ఒకరు మోస్తే ఆ వీపెక్కను."

మాస్టారు దిగిపోయారు. ఆ తర్వాత ఆమె మంచంలో ఉండగా కిందినుంచి అప్పుడప్పుడూ వింత కేకలు వినపడేవి. "దించండి మాస్టారూ!" అని ఒకరు, "నేను పోస్టుమాన్ని సార్!" అని ఇంకొకరు. కింద పడ్డ తర్వాత ఆమె మొదటిసారి నవ్వింది ఆ కేకలు వినే.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ పైకొచ్చారు. ఈసారి మొహం వేలాడేసుకుని ఉన్నారు.

"ఒక సాయం అడగడానికి వచ్చానండీ. వీధిలో ఎవరూ చేతికి చిక్కట్లేదు. నన్ను చూస్తే రోడ్డు దాటేస్తున్నారు. పోస్టుమాన్ అయితే ఉత్తరాలు కిటికీలోంచి విసిరి పారిపోతున్నాడు. మా అమ్మాయిలు బరువు మోస్తూ మెట్లెక్కాలి, దిగాలి. కాళ్ళకు అంతకు మించిన కసరత్తు లేదు. మోయడానికి మనిషి లేదు."

"ఇసక మూటలు మోయించండి."

"ఇసక మూట గొణగదు కదండీ."

"నాకు మాత్రం గొణగడం ఎక్కడ వచ్చు?"

"మీకా?" అని మాస్టారు ఎంత నిజాయితీగా ఆశ్చర్యపోయారంటే, ఆమె కోప్పడటం మరిచిపోయింది.

షరతులు ఆయనే చెప్పారు. వేళకు తయారుగా ఉండాలి. తిండి తగ్గించకూడదు, బరువు తగ్గితే కసరత్తు చెడుతుంది. పొద్దున కిందికి, సాయంత్రం పైకి. పగలంతా బరువుకి ఖాళీయే కాబట్టి కావాలంటే దుకాణం తెరుచుకోవచ్చు.

కాళ్ళు కోసేసిన ఒక కుర్చీకి బెల్టులు బిగించి, వీపుకి తగిలించుకునేలా ఆయనే తయారుచేశారు. ఆ బెల్టుల కుట్లు టైలరమ్మకు నచ్చలేదు. మొదటి రోజు కిందికి దిగగానే అన్నీ విప్పి, దుకాణంలో తన మిషను మీద రెండేసి వరసలు కుట్టింది. మోసేవాళ్ళు ముందుకి చూస్తారు, ఆమె వెనక్కి చూస్తుంది. తమ్ముడు మళ్ళీ ఫోన్ చేస్తే గర్వంగా చెప్పింది, "రావడం కుదరదురా. ఇక్కడ నేను బరువుగా పనిచేస్తున్నాను." అక్కకు తలకి కూడా దెబ్బ తగిలిందేమోనని అతను చాలా బాధపడ్డాడు.

ఉద్యోగం ఆమె ప్రాణం పెట్టి చేసింది. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా గొణిగేది. "మోకాలు వంచమ్మా, నడుం కాదు. ఊపిరి బిగబట్టకు. ఇంకోసారి ఇలా ఊగావంటే దిగి నడిచి వెళ్ళిపోతాను." దిగి నడవలేదని అందరికీ తెలుసు. అయినా అమ్మాయిలు హడలిపోయేవాళ్ళు.

వాళ్ళలో ఎక్కువగా మోసేది పిడుగు. మనిషి పొట్టి, మాట తక్కువ, పట్టు పడితే వదలదు. ఈ ఏడు పెద్ద పోటీలకు ఎంపికైంది. జట్టు కోటు తనే కుడతానని టైలరమ్మ పట్టుబట్టి, దుకాణంలో నిలబెట్టి కొలతలు తీసింది. చేతి పొడవు చూడటానికి మణికట్టు పట్టుకుని తిప్పేసరికి అరచెయ్యి కనపడింది. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు కాచి ఉన్నాయి.

టైలరమ్మ టేపు మెడలో వేసుకుంది.

"ఇవేంటి?"

"ఏవి పెద్దమ్మా?"

"మనిషిని వీపు మీద మోస్తే కాయలు భుజాల మీద కాయాలి. అరచేతిలో ఎందుకు కాశాయి? దేన్ని పట్టుకుంటున్నావు?"

పిడుగుకి అబద్ధం చెప్పడం చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

టైలరమ్మ కర్ర అందుకుని, హాల్లోంచి నడిచి, ఎప్పుడూ మూసి ఉండే వెనక గది తలుపు తోసింది. లోపల నేల మీద ఏదో గుట్టగా ఉంది. దాని మీద శుభ్రంగా ఉతికి ఆరేసిన కాన్వాసు ఏప్రన్ కప్పి ఉంది. అది తన కుట్టే. తన కుట్టు ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది. కర్రతో పక్కకి లాగింది. కింద ఇనప కడ్డీలు, ఇనప బిళ్ళలు, వాడి వాడి నున్నబడ్డవి.

వెల్డింగ్ షాపు అదే.

"ఇన్నాళ్ళూ మీరంతా కలిసి చేసింది మోసం," అంది టైలరమ్మ.

"మోశాం పెద్దమ్మా. మోసం కాదు," అంది పిడుగు.

"నాటకాలాడి జాలిపడతారా? నేనో ఉద్యోగం చేస్తున్నాననుకుంటున్నాను. ఇంక చాలు. తమ్ముడికి ఫోన్ చేస్తాను. రేపట్నుంచి నన్నెవరూ మొయ్యక్కర్లేదు."

పిడుగు తలుపుకి అడ్డంగా నిలబడింది. ఒక్క రోజులో అన్ని మాటలు ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడి ఉండదు.

"మీరు వద్దన్న రోజు మాస్టారు హాల్లో కూర్చుని అన్నం కూడా తినలేదు. చివరికి, 'ఒక్క మనిషిని మోస్తే జాలి అంటారు, వీధినంతా మోస్తే పిచ్చి అంటారు, పిచ్చే నయం,' అన్నారు. మర్నాడు పోస్టుమాన్‌తో మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన ఎవర్నైనా ఎత్తడం మీరు చూశారా? పరాయివాళ్ళకి నమస్కారం పెట్టాలన్నా సిగ్గుపడే మనిషి. ఓనరుని ఎత్తేముందు చేతులు ఎలా వణికాయో నేను చూశాను. మాకేమో మీకు కనపడకుండా చీకటుండగానే ఇనుము ఎత్తాలని ఆజ్ఞ."

టైలరమ్మ గుర్తు చేసుకుంది. నిజమే. ఆ గుమ్మంలో మనుషులు నేల విడవడం ఆమె చూసిందంతా కుర్చీలో దిగి మళ్ళీ దుకాణం తెరిచాకే. తను కింద పడకముందు మాస్టారు దుకాణం ముందు నుంచి తల వంచుకుని వెళ్ళేవారు. చిరిగిన చొక్కా కుట్టించుకోవాలన్నా భార్యని పంపేవారు. అలాంటి మనిషి పెళ్ళి వేదిక ఎక్కారు.

"అయితే నా వల్ల మీకేం ఉపయోగం లేదన్నమాట," అంది, ఈసారి మెల్లగా.

"ఎందుకు లేదు? నడుం వంగుతోందని ఇనుము నాకెప్పుడైనా చెప్పిందా? పోయినసారి పోటీల్లో ఓడిపోయింది నడుం వంగే. ఈసారి ఎంపిక పోటీల్లో వంగలేదు. పట్టు పట్టిన ప్రతిసారీ చెవి వెనకాల మీ గొణుగుడే వినపడింది."

టైలరమ్మ ఏప్రన్ తీసి, దుమ్ము దులిపి, ఇనుము మీద యథాతథంగా కప్పింది. దుకాణానికి వచ్చి కోటు చేతులు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం మెట్లెక్కేటప్పుడు ఒక్క ముక్క గొణగలేదు. మాస్టారు కంగారుపడి మూడో అంతస్తు దాకా వెంట వచ్చి, "ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగారు. బాగానే ఉంది, పొద్దున రండి అంది.

మర్నాడు మాస్టారే స్వయంగా వచ్చారు. పోటీలు దగ్గరపడ్డాయి కాబట్టి పిడుగుకి విశ్రాంతి. టైలరమ్మ అప్పటికే కుర్చీలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఒడిలో ఒక గుడ్డసంచీ పట్టుకుని తయారుగా ఉంది. మాస్టారు బెల్టులు భుజాలకు తగిలించుకుని లేచారు. లేచి, ఆగిపోయారు. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నారు.

"పెరిగారు," అన్నారు. "ఒక్క రోజులో ఆరు కిలోలు!"

"పోటీలు ముందుంటే బరువు పెంచొద్దూ? ఉద్యోగమన్నాక బాధ్యత ఉండాలి మాస్టారూ."

ఆయన దిగడం మొదలుపెట్టారు. మలుపు దగ్గర సంచీ కుర్చీ అంచుకి తగిలింది. అందులో ఆమె తల్లి వాడిన పాత ఇస్త్రీ పెట్టె ఉంది, బొగ్గులు పోసే రకం, అచ్చమైన ఇనుము. మెట్లన్నీ మోగేలా ఠంగుమంది.

మాస్టారు నిలబడిపోయారు.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"పక్క వెల్డింగ్ షాపు," అంది టైలరమ్మ.

ఆయన మొహం ముందుకి, ఆమె మొహం వెనక్కి. ఒకరికొకరు కనపడరు. ఆమె కుట్టిన బెల్టులు మాత్రం భుజాల దగ్గర అదేపనిగా కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏమో ఆమె అడగలేదు. ఉద్యోగం గుర్తొచ్చి, గొంతు సవరించుకుంది.

"నడుం వంచకండి," అని గొణిగింది.