మాగిన టెకీలా

నేను పనిచేసే బార్‌లో టెకీలా సీసా తీసినప్పుడల్లా రాజాం బస్సులో నా పక్కన కూర్చున్న రైతు గుర్తొస్తాడు. ఆయన ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన సీసా కూడా టెకీలాదే.

"మా గట్టుమీది కిత్తనార మొక్కలాంటిదాన్నుంచే తీస్తారట బాబూ. ఓడలో పనిసేసే తమ్ముడు తెచ్చినాడు. ఇంకా మాగనీరా, నువ్వు ఓడ పని మానేసి వచ్చినాక కలిసి తాగుదాం అని ఆడితో సెప్పి ఆరేళ్ళు దాసినాను. రేపు ఆడి పెద్దకర్మ. పటం ముందు పెడతాను. ఈపాటికి బాగా మాగుంటాది కదా?"

అది చెక్కపీపాలో ఉన్నన్నాళ్ళే మాగుతుంది. సీసాలోకి వచ్చాక ఎన్నేళ్ళు దాచినా అంతే.

"బాగా మాగుంటుంది" అన్నాను.

ఆయన సీసాను మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు.

"అయితే ఆడికి అన్నేయం సెయ్యనేదు నేను."