హుస్న్ కోట కింది ఇల్లు

జర్మనీలో హానోవర్ వెళ్ళే రైలు పొలాల మధ్య మళ్ళీ ఆగింది. "ఇంకోసారి ఆపిండు రా, నా టెర్మిన్ పోయినట్టే, మళ్ళ అపాయింట్‌మెంట్ ఎప్పుడిస్తరో!" అని ఫోన్లో స్నేహితుడి మీద విసుక్కుని పెట్టేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నాకంటే చిరాగ్గా ఉంది. మాటల్లో తనది సిరియా అనీ, మతయుద్ధాలకు యూరప్ నుంచి వచ్చిన క్రూసేడర్లు కొండమీద కట్టుకున్న హుస్న్ కోట కిందే తన ఊరనీ జర్మన్‌లో చెప్పింది.

ఆ కోటను నేను వీడియోల్లో చూశాను. ఉత్సాహం ఆపుకోలేక అడిగేశాను. ఒకదాని లోపల ఒకటి రెండు గోడలట కదా, వంపులు తిరిగే చీకటి దారిలో శత్రువును చిక్కించేవారట కదా, మొన్నటి యుద్ధంలో దానికేమైనా అయిందా?

"అందరూ ఇదే అడుగుతారు!" అని ఆవిడ చేతిసంచిని దబ్బున ఒళ్ళో పెట్టుకుంది. "మా నానమ్మ ఆ గోడల లోపలే పుట్టింది. అప్పట్లో ఊరంతా అందులోనే ఉండేది. చూడటానికి వచ్చేవాళ్ళకు అడ్డమని మావాళ్ళను కిందికి దింపారు. యుద్ధంలో కోటకూ దెబ్బ తగిలింది, మా ఇంటికీ తగిలింది. కోటను బాగుచేశారు."

ఇంటి సంగతి చెప్పలేదు.

"మీ ఇల్లు ఎలా ఉండేదండీ?" అన్నాను.

ఆవిడ నావైపు పూర్తిగా తిరిగింది. "చలికాలం మధ్యాహ్నానికే ఆ కోట నీడ మా డాబా మీద పడేది. ఉతికిన బట్టలు ఒక్కనాడూ సరిగ్గా ఆరేవి కావు. పాడు కోట!"

రైలు కదిలింది. దిగేదాకా ఆవిడ ఆ డాబా గురించే చెప్పింది. ఇప్పుడు ఆ కోట ఫోటో ఎక్కడ కనిపించినా, గోడల కింద ఏ డాబా మీదైనా దండెం ఉందేమోనని వెతుకుతాను.