గౌను లోపలికి పోయిన చేనేత చీర

కంభం దగ్గర పల్లెలో ఉండే మా అక్క కూతురు ప్రసన్న ఫోన్ చేసింది. "పిన్నమ్మా, అమ్మ నా పెండ్లికి నెట్టు గౌను కొనింది. అంతా ప్లాస్టిక్కే, ఒళ్లంతా గీరుకుంటాది. నువ్వే ఒక నేత చీర తేవాల."

ప్లాస్టిక్ లేని బట్టల గురించి గుంటూరులో కనపడినవాళ్లందరికీ ఉపన్యాసాలిచ్చే నాకు, నా మాట విన్న మొదటి మనిషి దొరికింది. పెళ్లికి ముందురోజు పొద్దున్నే నంద్యాల వైపు వెళ్లే బండెక్కాను. సంచిలో తెల్లటి నూలు చీర. ప్రకృతిని కాపాడతామని బోర్డు పెట్టుకున్న దుకాణంవాళ్లు దాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి ఇచ్చారు. ప్రకృతికి అంత భద్రత అవసరమని నాకు తెలియదు.

వినుకొండ దాటాక కిటికీలోంచి సెగ మొదలైంది. ఎదురుగా పాలిస్టర్ చీరలో ఒకామె కూర్చుంది. ఆమెకు నూలు బట్ట గొప్పతనం వివరించాను.

"బాగానే ఉంటాది మా. గంజి పెట్టి ఇస్త్రీ చేసేదానికి మనిషిని గూడా ఇస్తారా?" అని, మార్కాపురం రోడ్డు వచ్చేదాకా నిద్రపోయింది.

కంభంలో దిగేసరికి మధ్యాహ్నం. షేర్ ఆటోలో చెరువు కట్ట పక్కగా ఊరు చేరాను. అక్క చీర విప్పి చూసి నొసలు ముడిచింది.

"ఏందే ఇది? తళుకూ లేదు, బెళుకూ లేదు."

"భూమిలో కలిసిపోయే బట్ట అక్కా."

"పెండ్లింట్లో అవేం మాటలే!"

చీర కట్టనివ్వకపోతే చర్చికే రానంది ప్రసన్న. అక్క నేలమీద కూలబడింది.

"కూలికి కట్టుకుపోయే చీరనే ఉతుక్కోని పెండ్లి చేసుకున్నా నేను. నా బిడ్డన్నా మెరిసిపోతా నడవాలని మిరపకోతకు పోయి కొన్నా" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ప్రసన్న లేచి గౌను చేతిలోకి తీసుకుంది. "గౌనే ఏసుకుంటాలే మా. పిన్నమ్మ చీరను లోపల లైనింగ్ కుట్టిద్దాం."

తల్లీకూతుళ్లు కావిలించుకున్నారు. చీర తెచ్చినదాన్ని ఎవరూ అడగలేదు. ఎవరో నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద నేసిన చీరను పక్కవీధి టైలరమ్మ టీ చల్లారేలోపు ముక్కలు చేసింది.

మర్నాడు చర్చిలో ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. కోటు వేసుకున్న పెళ్లికొడుకు రెండోసారి బాప్తిస్మం తీసుకున్నట్టు తడిసిపోయాడు. పాస్టరుగారే ప్రసంగం కుదించారంటే ఉక్క ఎంతో ఊహించుకోండి. ప్రసన్న మాత్రం మెరుస్తూ, నవ్వుతూ నిలబడింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ పిల్లనే చూస్తోంది. నేను అక్కను చూశాను. నిజం చెప్పొద్దూ, గౌను చాలా బాగుంది.

తిరుగు ప్రయాణానికి అక్క స్టేషన్ దాకా వచ్చింది.

"రాచర్లలో మా ఆడబిడ్డ కూతురి పెండ్లికి ఈ గౌనే అడిగినారే. ఆ తరవాత గిద్దలూరోళ్లు. లోపల నూలు బట్ట అంటే ఎగబడతాండారు."

ప్లాస్టిక్ ఏళ్ల తరబడి చెడిపోదని నేను తిట్టిపోస్తుంటాను. ఆ ఒక్క గుణం చూసే ఈ పల్లెలు దాన్ని పెళ్లి నుంచి పెళ్లికి నడిపిస్తున్నాయి. కొన్న బట్టను ఒక్కసారి కట్టి బీరువాలో పెట్టే మా బోటి ప్రకృతి ప్రేమికులం ఇటు వచ్చేటప్పుడు నోరు కాస్త అదుపులో పెట్టుకోవడం మంచిది.

బండి కదిలింది. అక్క కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచింది.

"లైనింగ్ చిరిగితే ఫోన్ చేస్తా, ఇంకో చీర పట్టుకురా!"