మా వదిన మాట మీద మూత

మా వదిన పోయింది. పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకోవడానికి గడప దగ్గర కూర్చుంది, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. సూరత్ అమ్రోలిలో మా ఇంటి ముందు వేసిన టెంటు విప్పకముందే ఆమె ఫోనుకు సంతాపాలు మొదలయ్యాయి. నిర్భయంగా మాట్లాడిన మనిషి అని ఒకరు, మా అందరికీ ధైర్యం నేర్పిందని ఇంకొకరు. ఫోను నా చేతిలో ఉంది. రాసినవాళ్ళ పేర్లు చూశాను. అప్పటిదాకా ఏడుస్తున్నదాన్ని ఏడుపు ఆపేశాను. అంత ఒళ్ళు మండింది.

ఎందుకో చెబుతాను. వదిన పుట్టినూళ్ళోనే కంప్యూటర్ డిగ్రీ చేసి, మా అన్నను చేసుకుని సూరత్ వచ్చింది. అన్న మరమగ్గాల మీద నేస్తాడు. వదిన పాండేసరలో ఒక డిజైన్ ఆఫీసులో చీరల అంచులు, కొంగులు కంప్యూటర్ మీద గీసేది. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ కొనుక్కునేది కాదు. దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, అందరికీ ఉచితంగా పెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, తప్పు కనిపిస్తే అందరి ముందూ అడగొచ్చు. వదిన వాడుతూ వాడుతూ దిద్దడం మొదలుపెట్టింది. దిద్దినంతకాలం ఆమె వాళ్ళకు బంగారం. అడగడం మొదలుపెట్టాకే చేదైంది.

మెత్తని మనిషేమీ కాదు. పోయింది కదా అని అబద్ధం రాయను. కూర బాగుంటే ఏమీ అనేది కాదు, బాగాలేకపోతే మాత్రం తప్పకుండా చెప్పేది. చాయ్ నిలబడే తాగేది. కూరగాయల బండివాడు మెత్తబడ్డ టమాటా వేస్తే తీసి వాడి చేతిలోనే పెట్టేది. నేను ఇక్కడి తెలుగు బడిలో పంతులమ్మను. ఒకసారి మీటింగులో నాకు జరిగిన అన్యాయం గురించి నోరు తెరవలేక ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చుంటే, ఓదార్పు మాట ఒక్కటి అనలేదు.

"రేపు పోయి అడుగు. అడిగినంక ఏడుద్దాం, ఇద్దరం గల్సి," అంది.

అడిగాను. ఏడవాల్సిన పని పడలేదు. అందుకు ఆమెకు ఎన్నడూ థాంక్స్ చెప్పలేదు, చెబితే తిట్టేది.

ఆదివారాలు తలకు నూనె పెట్టుకుంటూ ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ చర్చలు నాకు చదివి వినిపించేది. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మగవాళ్ళు. ఒక్కొక్కడు మొదలుపెట్టడమే క్షమించండి అని. నాది పొరపాటు కావచ్చు అని ఒకటి, ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే అని ఇంకొకటి, ఎవరినీ నొప్పించాలని కాదు అని మరొకటి. వదిన దువ్వెన పట్టుకుని పడీ పడీ నవ్వేది.

"గిన్ని దండాలు వెట్టుకుంట వచ్చెవరకు అడిగేదేందో వాడే మర్శిపోయిండు సూడు!"

తను రాసేటప్పుడు క్షమించండి వాడేది కాదు. తప్పు చేస్తే వాడేది.

పోయిన ఏడాది ఆ ప్రాజెక్టుకు డబ్బులిచ్చే కంపెనీ ఒక మార్పు తెచ్చింది. ఇకమీదట ఎవరు ఏ డిజైన్ అందులో సేవ్ చేసుకున్నా, దాని నకలు ఒకటి చెప్పాపెట్టకుండా ఆ కంపెనీకి వెళుతుంది. సాఫ్ట్‌వేర్ మెరుగుపరచడానికట. సూరత్‌లో డిజైన్ అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. మీరు గీసిన అంచు మీకంటే ముందు పక్క గల్లీలో చీర మీద దిగితే మీ సీజను అక్కడితో అయిపోయినట్టే. కోడ్ చదివిన ప్రతివాడికీ ఈ సంగతి అర్థమైంది. ఒక్కడూ నోరు మెదపలేదు. వదిన అందరి ముందూ అడిగింది.

అప్పుడు మొదలయ్యాయి చాటుమాటు మెసేజులు. మీరే కరెక్ట్ దీదీ, మీ వెనకే ఉన్నాం అని. నిజమే, వెనకే ఉన్నారు, కనపడనంత వెనక. హైదరాబాద్ నుంచి ఒకతను ఏకంగా ఫోనే చేశాడు. వదిన చపాతీలు చేస్తూ స్పీకర్ మీద పెట్టింది.

"అక్కా, మీరన్నది వందకు వంద శాతం నిజం. కానీ నేను పబ్లిగ్గా అనలేను. ఆ కంపెనీలోనే ఇంటర్వ్యూ ఉంది."

"నాది నిజమని నాకెర్కనే గద తమ్మీ. నాకెందుకు జెప్తున్నవ్? ఆడ జెప్పు."

"ఆడ అంటే... కొంచెం కష్టమక్కా."

"అయితే ఫోన్ వెట్టెయ్. నా చపాతి మాడుతున్నది."

వారం తిరక్కుండా ప్రాజెక్టు నడిపేవాళ్ళు ఆమె ప్రశ్నను ఎవరికీ కనపడకుండా దాచేశారు. ప్రశ్న తప్పు అనలేదు, తీరు మర్యాదగా లేదన్నారు. కోడ్ దిద్దే హక్కు తీసేశారు. మర్యాద! ఒకరి కష్టాన్ని అడగకుండా ఎత్తుకుపోవడం మర్యాద, ఎందుకని అడగడం అమర్యాద. ఇంత చదువు చదివి వీళ్ళు నేర్చుకున్నది ఇది. హక్కు పోయినందుకు వదిన బాధపడలేదు. ఆ ప్రశ్నను మాత్రం మళ్ళీ అందరికీ కనపడేలా పెట్టమని పోయేదాకా అడుగుతూనే ఉంది. జవాబు రాలేదు.

ఫోనుకు సంతాపాలు రాసింది వీళ్ళే. ఇప్పుడు ఆమె ఫొటో కావాలట, కొత్త వెర్షన్ ఆమెకు అంకితమట. ఫొటో ఇస్తాను, ముందు ఆమె రాసింది తెరవండి అన్నాను. ఇది దానికి సమయం కాదండీ అని ఎంతో మర్యాదగా రాశారు.

ఆన్‌లైన్‌లో సంతాప సభ పెడితే నేనూ అన్నా కూర్చున్నాం. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రాజెక్టు పెద్ద ఆమెను తెగ పొగిడి, కాసేపు మౌనం పాటిద్దామన్నాడు. వాళ్ళకు బాగా చేతనైన పని అదే. అందరూ తలలు వంచారు, హైదరాబాద్ తమ్ముడితో సహా. నేను మైకు తెరిచి వదిన ప్రశ్న చదవడం మొదలుపెట్టాను. ఒక వాక్యం అయ్యిందో లేదో మైకు కట్టేశారు. నొక్కితే తెరుచుకోలేదు. ఒక్క తలా పైకి లేవలేదు.

"ఎందుకాగినవ్?" అన్నాడు అన్న.

"నోరు మూశారన్నా. వాళ్ళకు వినపడదు."

అన్న తన కుర్చీని నా వైపు తిప్పుకున్నాడు. "నాకు జదువు. అదేం రాసిందో నాకెవ్వరు జెప్పలె."

ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, మన మాటలో ఒక వాక్యం చెబుతూ పోయాను. ఈ అంచు గీసింది నేను. తీసుకుపోయే ముందు నన్ను అడగండి. అడగడం కష్టమైతే, ఎందుకు కష్టమో అందరి ముందూ చెప్పండి.

మగ్గాల మోతకు అన్నకు వినికిడి సగం పోయింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. తెర మీద తలలు ఇంకా వంగే ఉన్నాయి. నేను గొంతు పెంచి మళ్ళీ మొదటి నుంచి చదివాను.