తిమ్మక్క అమ్మోనియా కొట్టు

కణేకల్లు వైపు కాలువ నీళ్లు పారడం మొదలైన కొత్తలో రైతుల నోట ఒకటే మాట, అమ్మోనియా. ఉప్పులా తెల్లగా ఉండే ఆ ఎరువు చల్లితే వరి నల్లగా ఏపుగా లేస్తుందని చెప్పుకునేవారు. అప్పటిదాకా శనగచెక్క, తాళ్లు, ఉప్పు అమ్ముకుంటున్న తిమ్మక్క ఆ మాట విని ఊరుకోలేదు. రాయదుర్గం నుంచి లారీలో అమ్మోనియా బస్తాలు తెప్పించింది. భర్త బయ్యన్నకు వ్యాపారం పట్టదు. పంచాయతీ ఎన్నికల్లో నిలబడి ఆయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

కొత్త సరుకు వస్తుందని ఆమె ఆ పొద్దున్నే కొట్టుకు సున్నం వేయించింది. గోడలు ఆరకముందే లారీ వచ్చేసింది. మిగిలిన సున్నం తొట్టిలో అలాగే ఉంది. హమాలీ యేసన్న బస్తాలను తడిగోడకే ఆనించి పేర్చాడు. చివరి బస్తా మేకుకు తగిలి చినిగింది. ఎరువు బొలబొలమని సున్నం తొట్టిలో పడింది.

మరుక్షణం గుప్పున ఘాటు లేచింది. యేసన్న కళ్లు మూసుకుని తడుముకుంటుంటే తిమ్మక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి దూరి, చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. గాలి తగిలేచోట కూర్చోబెట్టి కడవల కొద్దీ నీళ్లతో కళ్లు కడిగింది.

"యేసన్నా, ఏమన్నా కనపడతాండాదా?"

"కనపడతాండాదక్కా. కండ్లెర్రగా మారెమ్మ మాదిరి ఎవరో ఉండారు."

తిమ్మక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పక్కనే పంచలో బయ్యన్న పిలిచిన పెద్దమనుషులంతా కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చారు. "ఏమప్పా బయ్యన్నా, ఓట్లడిగేకి పిలిచి ఏడిపిస్తాండావే," అన్నాడొకాయన.

మర్నాడు రైతులకు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడు నారాయణప్ప సైకిలు మీద వచ్చి కొట్టు చూశాడు. "సున్నం తగిలితే అమ్మోనియా ఆవిరై పోతాదమ్మా. కండ్లకు, ఊపిరికి చెడ్డది. సరుకు రాకముందే నేనొచ్చి చెప్పాల్సింది," అని నొచ్చుకున్నాడు. బస్తాల కింద పలకలు వేయాలి, గోడకు ఎడంగా పేర్చాలి, తడి తగలకూడదు, విత్తనాలూ తిండి సరుకూ దగ్గర పెట్టకూడదు అని వివరంగా చెప్పాడు. తిమ్మక్క మధ్యమధ్యలో ఆపి ఆపి అడిగింది. పశువులు నాకితే ఏమవుతుందని అడిగితే, చచ్చిపోయినా పోతాయని చెప్పాడు. అది విన్నాక ఆమె కొట్టుకు తడిక తలుపు తీయించి గట్టి చెక్క తలుపు పెట్టించింది. పైన గాలికి కిటికీ కొట్టించింది. ఉప్పునూ శనగచెక్కనూ ఇంటి పంచలోకి మార్చింది.

నాట్లు ముగిసిన రోజుల్లో బయ్యన్న వాళ్ల అన్న పుల్లన్న అమ్మోనియా కోసం బండి కట్టుకుని వచ్చాడు. ఆయన మాటంటే ఆ వీధిలో సగం ఓట్లు. బండిలో అప్పటికే సంతలో కొన్న ఉప్పు బస్తా ఉంది.

"బావా, ఉప్పు దించితేనే అమ్మోనియా ఎక్కిస్తాం," అంది తిమ్మక్క.

"ఏమ్మే, నా బండి మీద నీ పెత్తనమేంది?"

"రెండూ ఒకటే తెలుపు బావా. దావలో సంచులు పిగిలి కలిసిపోతే ఇంట్లో అక్క పులుసులో ఏది ఏస్తాదో నీకు తెలుస్తాదా?"

పుల్లన్న ఎండ పడుతున్న అరుగు మీదే బిగుసుకుని కూర్చున్నాడు. బయ్యన్న భార్యను పక్కకు పిలిచాడు. "అన్నకు కోపమొస్తే నేను ఓడిపోతా. ఈ ఒక్కసారికి ఇచ్చేయ్."

"ఓడిపోతే కొట్లో కూర్చుందువులే. నాకూ సాయముంటాది," అని ఆమె బావగారికి మజ్జిగ తెచ్చిచ్చింది. "ఉప్పు మా పంచలో ఉంటాది. రేపు మా బండి మీద యేసన్న తెచ్చిస్తాడు. నీకేమీ శ్రమ లేదు."

పుల్లన్న మజ్జిగ తాగాడు. ఇంకో చెంబు అడిగి తాగాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "దించప్పా యేసన్నా," అన్నాడు.

ఎన్నికల్లో బయ్యన్న గెలిచాడు. దండ వేయడానికి వచ్చిన పుల్లన్న తమ్ముడి చెవిలో కాదు, నలుగురూ వినేలాగే చెప్పాడు. "నీ మొగం చూసి ఓటు వేయలేదురా. సొంత బావనే ఎండలో కూర్చోబెట్టిన మనిషి, ఆ ఇంట్లో ఉండాది కదా, నిన్నూ సక్కంగా ఉంచుతాదని వేసినా."

బయ్యన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. తిమ్మక్క ఆ నవ్వుల్లో లేదు. అప్పుడే వీధిలోకి మలుపు తిరిగిన లారీకి ఎదురెళ్లి, వానొచ్చేలా ఉంది, ముందు టార్పాలిన్ పట్టుకోమని డ్రైవరును కేకేస్తోంది.