ఆదిలాబాద్ ఎన్ని సద్దుల దూరం

మా అక్క పిల్లలు ఇప్పుడు ఆదిలాబాద్‌లో బస్సెక్కి కరీంనగర్‌లో దిగుతున్నారు. ఆ దూరం ఒకప్పుడు వాళ్లమ్మ పెళ్లికి అడ్డం పడిందంటే నమ్మడం లేదు. అది తెలిసినవాళ్లు ఇంట్లో ఎక్కువమంది మిగల్లేదు. అందుకే రాసి పెడుతున్నాను.

పోలీసు చర్య జరిగిన రెండు మూడేళ్లకు అక్కకు సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు గుమాస్తా. అక్కకు నచ్చాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఒప్పుకోలేదు. మా ఇంట్లో దూరాన్ని సద్దులతో కొలిచేవాళ్లు. దారిలో ఒకసారి మూట విప్పి తింటే ఒక సద్ది దూరం. రెండు సద్దులు దాటిన ఊరికి మావాళ్లు పిల్లనివ్వరు. మా కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ మూడు సద్దులు, పైగా గోదావరి అవతల.

"గన్ని పుస్తకాలు చదువుతవ్ గద, అవ్వకు నువ్వే చెప్పు తమ్మీ" అన్నది అక్క.

నేను బడి అయిదో తరగతిలోనే మానేసినా, గ్రంథాలయంలో నేను తెరవని అల్మారా లేదు. గ్రంథపాలకుడు నా చేతులు కడిగించి మరీ పెద్ద పటాల పుస్తకం ముందు పెట్టాడు. రెండు ఊళ్ల మధ్య దారం పరిచి కొలిస్తే నూరు మైళ్లు కూడా లేవు. విమానాల పుస్తకం తీసి వేగం చూసి లెక్కకట్టాను. సుమారు అరగంట. ఇంటికి దాదాపు పరుగెత్తాను.

"అవ్వా, విమానంల పోతే ఆదిలాబాద్ అరగంటనే. ఒక్క సద్ది గూడ అక్కర లేదు."

అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. "మంచిదే. గా విమానం మన ఊరి కమాన్ కాడ ఆగుతదా, మనమే మానేరు దాక నడవాల్నా?"

అక్క నవ్వలేదు. లేచి లోపలికి పోయింది. అవ్వ అటే చూస్తూ కాసేపు చేయి ఆపింది. మర్నాడు పొద్దున్నే మూడు సద్దులు కట్టి, "ఊరు సూసొద్దాం పా. సూడకుండ వద్దంటే బిడ్డ మనసుల ఉండిపోతది" అని నాతో అన్నది.

రాయపట్నం రేవులో గోదావరి నిండుగా పారుతోంది. పడవ అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ఎదురుచూపుల్లోనే రెండు మూటలు ఖాళీ అయ్యాయి. పక్కన చంటిపిల్లతో ఒకామె కూర్చుని ఉంది. తల్లిగారిల్లు సుల్తానాబాద్ దిక్కు, అత్తగారిల్లు ఆదిలాబాద్ అని చెప్పింది.

"తల్లిగారింటికి ఎన్నేండ్లకోసారి వస్తవ్ బిడ్డా?" అని అవ్వ అడిగింది.

"ఏండ్లేంది పెద్దవ్వా? ఏడాదికి రెండుసార్లు. మా తమ్ముడు వచ్చి తోలుకపోతడు. ఇప్పుడు గూడ వాడే ఈడిదాక దింపి పోయిండు."

"తమ్ముడు రాకుంటే?"

"రాకుంటే దూరమే."

అవ్వ నా వైపు తిరిగింది. "విమానం లెక్క బాగనే చెప్పినవ్. అక్కను ఏడాదికి రెండుసార్లు తోలుకొస్తవా?"

"తోలుకొస్త."

"నీళ్లల్ల దిగి గోదారమ్మకు చెప్పు."

మోకాళ్ల దాకా దిగి చెప్పాను. అంతలో పడవ వచ్చింది. అవ్వ ఎక్కలేదు. మిగిలిన సద్దిమూట చంటిపిల్ల తల్లి ఒడిలో పెట్టి, "ఇగ సూసేదేమున్నది, ఇంటికి పోదాం. ముహూర్తం అడగాలె" అన్నది.

పేర్లు రాయొద్దని అక్క అన్నందువల్ల ఇక్కడ ఎవరి పేరూ లేదు. పటాల పుస్తకం ఇచ్చిన గ్రంథపాలకునికి, రేవులో ఆ ఆడపడుచుకు, నేను ఎన్నడూ చూడని ఆమె తమ్మునికి రుణపడి ఉన్నాను. ఆ తర్వాత ఏటా ఒడ్డున నన్ను చూసి తాడు విప్పకుండా ఆగిన పడవవాళ్లకు కూడా. తోలుకురావడానికి వెళ్లిన ప్రతిసారీ, నేను కాళ్లు కడుక్కునేలోపే సంచీతో గడపలోకి వచ్చి నిలబడే అక్కకు ఇంకా ఎక్కువ.